ఖాకీ సంచిలో సైనికుడి ఉదయాలు

యుద్ధ జ్ఞాపకాలంటే తుపాకులు, పతకాలు, ఇనప టోపీలే ముందు గుర్తొస్తాయి. సైనికుడు రోజూ పొద్దున్నే మొహం దాకా తీసుకెళ్లిన వస్తువు వేరే ఉంది. అరచేతిలో ఇమిడిపోయే సేఫ్టీ రేజరు. రెండు ప్రపంచ యుద్ధాల నాటి రేజర్లనీ షేవింగ్ సెట్లనీ వెతికి పట్టుకుని, కంటికి రెప్పలా చూసుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లు దాస్తున్నది ఏమిటో ఈ ఆదివారం చూద్దాం.

నా బల్ల సొరుగులో ఒక ఖాకీ సంచి ఉంది. మడిచిపెడితే అరచేతిలో పడుతుంది. విప్పితే లోపల మూడు వస్తువులు. నికెల్ పూత పూసిన రేజరు, బ్లేడ్లు దాచుకునే చిన్న డబ్బీ, ఒక అద్దం. అద్దం గాజుది కాదు, దెబ్బ తగిలినా పగలకుండా నున్నగా మెరుగుపెట్టిన లోహపు పలక. మొదటి ప్రపంచ యుద్ధానికి బయల్దేరుతున్న అమెరికా సైనికుల కోసం జిలెట్ కంపెనీ తయారుచేసిన 'ఖాకీ సెట్' ఇది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు అక్కడి పాత సామాన్ల సంతలో చూసి, మామయ్యకి ఇలాంటివంటే ప్రాణమని కొని తెచ్చాడు.

సంచి మడత లోపలివైపు ఎవరో సిరాతో ఏవో అంకెలు రాసుకున్నారు. గుడ్డకి ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి పట్టి ఉంది. తెచ్చిన రోజు సాయంత్రమే దాన్ని సబ్బు నీళ్లలో నానబెట్టాను. మర్నాడు ఆరిన సంచిని చేతిలోకి తీసుకుంటే గుడ్డ శుభ్రంగా ఉంది. అంకెలు లేవు. కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఒక్క 7 మాత్రం లీలగా కనిపించింది. దాని ముందు ఏముందో, వెనక ఏముందో, నానబెట్టే ముందు ఒక కాగితం మీద రాసుకోవాలని నాకు తోచలేదు. ఆ తర్వాత పదేళ్లలో చాలా రేజర్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. కొత్తగా ఏది చేతికొచ్చినా ముందు గుర్తొచ్చేది ఆ 7.

ఈ సేకరణలో ఒక లెక్క నడుస్తుంది. సీలు తీయని పెట్టెకి, ఒక్కసారి కూడా గడ్డానికి తగలని రేజరుకి ధర ఎక్కువ. పూత అరిగి లోపలి ఇత్తడి బయటపడినదాన్ని పక్కన పెట్టేస్తారు. నా మనసు ఆ లెక్కకి ఒప్పుకోదు. వాడనిదానికి ధర ఎక్కువుంటే ఉండనీ, విలువ మాత్రం వాడినదానిదే. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే, ఈ రేజరు కందకాల దాకా ఎలా చేరిందో మొదట్నుంచీ చెప్పుకోవాలి.

సీసా మూత చెప్పిన పాఠం

కింగ్ క్యాంప్ జిలెట్ ఊరూరా తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్. సోడా సీసాలకి బిగించే రేకు మూతల కంపెనీలో పనిచేసేవాడు. ఒకసారి వాడి పారేసే వస్తువేదైనా తయారుచేస్తే కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారని, ఆ మూతను కనిపెట్టిన విలియం పెయింటర్ అతనికి సలహా ఇచ్చాడంటారు. 1895లో ఒక ఉదయం, బోస్టన్ పక్కనున్న బ్రూక్లైన్‌లోని ఇంట్లో మొద్దుబారిన కత్తితో కుస్తీ పడుతుంటే జిలెట్‌కి దారి దొరికింది. గడ్డానికి కావలసింది కత్తి అంచు మాత్రమే. వెనకున్న ఉక్కంతా ఆ అంచుని మోయడానికే. పల్చటి రేకుకి రెండువైపులా పదునుపెట్టి, పిడికి బిగించి, అరిగాక పారేస్తే సరి.

తోచినంత తేలిగ్గా పని జరగలేదు. అంత పల్చటి ఉక్కుని గట్టిపరిచి పదును నిలపడం కుదరదని లోహాల సంగతి తెలిసినవాళ్లు తేల్చేశారు. ఆ చిక్కుముడి విప్పినవాడు విలియం నికర్సన్ అనే ఇంజినీరు. 1901లో కంపెనీ పుట్టింది. 1903లో అమ్మకాలు మొదలయ్యాయి. ఆ ఏడాది మొత్తం మీద అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్ల లెక్క 90 వేలు దాటింది. 1904 నవంబరు 15న పేటెంటు చేతికొచ్చింది.

ఆ తొలి నమూనాని సేకర్తలు 'ఓల్డ్ టైప్' అంటారు. మూడే ముక్కలు. పైన మూత, కింద దువ్వెన పళ్ల లాంటి అంచులున్న పలక, చివర పిడి. మూతకీ పలకకీ మధ్య మూడు రంధ్రాల బ్లేడు పెట్టి పిడి తిప్పితే, బ్లేడు విల్లులా వంగి బిగుసుకుంటుంది. ఆ వంపు వల్లే కాగితంలాంటి రేకు వణక్కుండా నిలబడుతుంది. మంగలికత్తి పట్టాలంటే చెయ్యి తిరిగినవాడై ఉండాలి. ముందు రాయి మీద నూరాలి, తర్వాత తోలు మీద సానపట్టాలి. సేఫ్టీ రేజరుకి ఆ విద్యలేవీ అక్కర్లేదు. నిన్నటిదాకా కత్తి పట్టని కుర్రాడు కూడా ఇవాళ గడ్డం గీసుకోవచ్చు. లక్షలమంది కుర్రాళ్లని ఒకేసారి యుద్ధానికి పంపే రోజు రాగానే ఈ గుణం అక్కరకొచ్చింది.

బురదలో గడ్డం

1914లో యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ సైనికుడి సంచిలో ఉన్నది మడతపెట్టే కత్తి. చాలామటుకు షెఫీల్డ్ నగరంలో తయారైనవి. ప్రభుత్వ సొత్తు అని చెప్పే బాణం ములుకు గుర్తు వాటి మీద ఉంటుంది. కొన్నింటి పిడి మీద సైనికుడి నంబరు కూడా దొరుకుతుంది. మోకాలి లోతు బురదలో, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో, అలాంటి కత్తిని గొంతు దగ్గర పెట్టుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నీళ్లు తాగడానికే చాలవు. మిగిలిపోయిన టీతో గడ్డం తడుపుకున్న సంగతులు ఆనాటి సైనికుల జ్ఞాపకాల్లో కనిపిస్తాయి. ఫ్రాన్సులో అయితే జనం తమ సైనికులకి పెట్టుకున్న ముద్దుపేరే 'పొయ్‌లూ'. ఒళ్లంతా వెంట్రుకలున్నవాడు అని అర్థం.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ విషవాయువు వదిలింది. నాలుగు రోజులకి మన లాహోర్ డివిజన్ సైనికులు అదే పోరులోకి దిగి ఆ గాలి పీల్చారు. తర్వాత్తర్వాత వచ్చిన గ్యాస్ మాస్కులు చెంపలకి, గడ్డానికి గట్టిగా అతుక్కుని ఉండాలి. మధ్యలో వెంట్రుకలు అడ్డొస్తే సందులోంచి విషం లోపలికొస్తుంది. గడ్డం తీయమనడానికి అదొక్కటే కారణం కాదు. పేల బెడద ఉంది, సైన్యపు క్రమశిక్షణ ఉంది. అయితే నున్నటి చెంపకీ ప్రాణానికీ ముడిపడింది మాత్రం ఆ యుద్ధంలోనే. మతాచారం ప్రకారం గడ్డం పెంచే సిక్కు సైనికులు గడ్డంతోనే పోరాడారు.

మీసానిది ఇంకో కథ. బ్రిటిష్ సైన్యపు నిబంధనల ప్రకారం గడ్డం, కింది పెదవి గీసుకోవాలి, పై పెదవి జోలికి మాత్రం పోకూడదు. 1916 అక్టోబరులో ఆ నిబంధనని ఎత్తేస్తూ ఉత్తర్వు మీద సంతకం పెట్టినవాడు జనరల్ నెవిల్ మెక్రెడీ. ఆయనకి తన మీసమంటేనే గిట్టేది కాదు. సంతకం పెట్టిన వెంటనే తీయించేసుకున్నాడని చెబుతారు.

కందకంలో కొత్త బ్లేడు దొరకడం కష్టం. ఆ ఇబ్బందికి జవాబు 'ఆటోస్ట్రాప్' రేజరు. హెన్రీ గైస్‌మన్ దీని సృష్టికర్త. బ్లేడు ఊడదీయకుండానే రేజరు తలలోంచి తోలుపట్టీ దూర్చి ముందుకీ వెనక్కీ లాగితే చాలు, పదును తిరిగొస్తుంది. పట్టీతో సహా దొరికే ఆటోస్ట్రాప్ సైనిక పెట్టెలంటే సేకర్తలకి ప్రత్యేకమైన అభిమానం. ఆ తోలు మీద పడిన నల్లటి చారలు చూడండి. ఒకడు తన కత్తిని ఎన్ని ఉదయాలు నూరుకున్నాడో ఆ చారలే సాక్ష్యం.

35 లక్షల రేజర్లు

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. సైనికుడు ప్రతివాడూ తన గడ్డం తనే గీసుకోవాలని, అందుకు సొంత సామాను ఉండాలని సైన్యం నిశ్చయించింది. యుద్ధం ముగిసేసరికి ఆ ప్రభుత్వం జిలెట్ దగ్గర తీసుకున్న రేజర్లు సుమారు 35 లక్షలు. బ్లేడ్లు మూడు కోట్లు దాటాయి. 51 రేజర్లు అమ్ముకున్న కంపెనీ పదిహేనేళ్లలో చేరిన చోటు ఇది.

ఆనాటి సెట్లలో చాలా రకాలున్నాయి. నా దగ్గరున్నలాంటి గుడ్డ సంచి ఖాకీ సెట్లు కొన్ని. సన్నటి లోహపు పెట్టెలో వచ్చిన సర్వీస్ సెట్లు కొన్ని. కొన్ని పెట్టెల మూతల మీద అమెరికా సైన్యపు సొత్తు అనే ముద్ర ఉంటుంది. కొన్ని రేజర్ల మీద వరస నంబరు ఉంటుంది, దాన్నిబట్టి తయారైన కాలాన్ని అంచనా కట్టొచ్చు.

'ఖాకీ సెట్' అనే పేరు దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. ఖాకీ అంటే ఉర్దూలో మట్టి రంగు. 19వ శతాబ్దం మధ్యలో అప్పటి మన దేశపు వాయవ్య సరిహద్దులో బ్రిటిష్ వాళ్ల గైడ్స్ దళం ఆ రంగు దుస్తులు తొడిగింది. అక్కణ్నుంచి ఆ రంగూ ఆ మాటా ప్రపంచంలోని చాలా సైన్యాలకి పాకాయి. బోస్టన్‌లో తయారైన రేజరు మన నేల మీది మాటని పేరుగా పెట్టుకుని ఫ్రాన్సు కందకాల్లోకి వెళ్లింది.

యుద్ధం అయ్యాక సైనికులు ఆ సెట్లు ఇళ్లకి తెచ్చుకున్నారు. అంతకుముందు వారానికి రెండు మూడు సార్లు దుకాణానికి పోయి గడ్డం చేయించుకున్న మగవాళ్లకి, రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడే అలవాటు సైన్యంలో అబ్బింది. 1921లో జిలెట్ మొదటి పేటెంటు గడువు తీరి పోటీ కంపెనీలు విరుచుకుపడ్డాయి. అప్పటికే లక్షల ఇళ్లలో రేజరు పాదుకుంది. రేజరు ఉన్న ఇంటికి బ్లేడు కావాలి కదా.

ఇత్తడి తూటాలకి పోయాక

రెండో ప్రపంచ యుద్ధపు రేజర్లని చూస్తే యుద్ధమే ఇంకో రకమని తెలుస్తుంది. 1942లో అమెరికా యుద్ధోత్పత్తి మండలి జిలెట్ చేసే రేజర్లన్నీ, బ్లేడ్లలో ఎక్కువ భాగం సైన్యానికే ఇవ్వాలని ఆదేశించింది. యుద్ధం ముగిసేనాటికి సైనికులకి అందినవి కోటీ పాతిక లక్షల రేజర్లు, 150 కోట్ల బ్లేడ్లు.

ఇన్ని రేజర్లు చేయాలంటే ఇత్తడి కావాలి. తూటా గొట్టాలకీ ఇత్తడే కావాలి. తూటాలే గెలిచాయి. యుద్ధానికి కాస్త ముందే బజారులోకి వచ్చిన 'టెక్' అనే మూడు ముక్కల రేజరుకి నల్లటి ప్లాస్టిక్ పిడి వచ్చింది ఆ కరువులోనే. చేతిలోకి తీసుకుంటే బొమ్మలా తేలిగ్గా ఉంటుంది. అందమైన రేజర్ల పక్కన పెడితే వెలవెలబోతుంది. నాకు మాత్రం బంగారు పూత రేజరు కన్నా ఆ నల్ల పిడి మీదే మక్కువ. దేశంలో లోహమంతా ఎక్కడికి పోయిందో చేతికి తెలిసేలా చెబుతుంది. అట్లాంటిక్ అవతల జర్మన్ సైనికుల సామాన్లలో బేకలైట్ రేజర్లు దొరుకుతాయి. బ్రిటన్ ఇళ్లలో బ్లేడ్లకి కటకట వచ్చి, మొద్దుబారిన బ్లేడుని గాజు గ్లాసు లోపలి గోడకి ఆనించి రుద్ది పదునుపెట్టుకున్నారు.

సైన్యంలో గడ్డం ఎంత పెద్ద విషయమో చెప్పే ముచ్చట ఒకటుంది. బిల్ మాల్డిన్ అనే యువ కార్టూనిస్టు అమెరికా సైనికుల పత్రికలో విల్లీ, జో అనే ఇద్దరు సిపాయిల బొమ్మలు గీసేవాడు. మాసిన బట్టలు, పెరిగిన గడ్డాలు, నిద్రలేని కళ్లు. తన సైనికులు యుద్ధరంగంలో కూడా నున్నగా గీసుకుని టై కట్టుకోవాలనే జనరల్ ప్యాటన్‌కి ఆ బొమ్మలు చూస్తే ఒళ్లు మండేది. 1945లో మాల్డిన్‌ని పిలిపించి మందలించాడు. మాల్డిన్ వెనక్కి తగ్గలేదు. పై అధికారి ఐసెన్‌హోవర్ అతన్ని ఆపనివ్వలేదు. అదే ఏడాది మాల్డిన్‌కి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఇనప టోపీలో నీళ్లు పోసుకుని గడ్డం గీసుకున్న సైనికుడూ, వారం రోజులు గీసుకోలేకపోయిన సైనికుడూ ఒకడేనని ఆ బొమ్మలు చెప్పాయి.

బ్లేడు రేడియో అయింది

1944 జనవరిలో మిత్రరాజ్యాల సైన్యం ఇటలీలోని అంజియో తీరంలో దిగి నెలల తరబడి గోతుల్లో ఇరుక్కుపోయింది. అక్కడి సైనికులు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. కాల్చి నీలం రంగు తేలిన బ్లేడు ఒకటి, పెన్సిల్ ములుకు, పిన్నీసు, చుట్టిన తీగ, చెవికి పెట్టుకునే ఫోను. అంతే, రేడియో తయారు. వేడికి బ్లేడు మీద ఏర్పడే ఆక్సైడ్ పొర విద్యుత్తుని ఒక వైపే బాగా పోనిస్తుంది. ములుకుని ఆ పొర మీద మెల్లగా జరుపుతూ సరైన చోటు పట్టుకుంటే చెవిలో పాట వినిపిస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు. పొద్దున గడ్డం గీసిన బ్లేడు రాత్రి గోతిలో సంగీతం వినిపించింది.

శత్రువు చేతికి చిక్కినవాళ్లు తప్పించుకునేందుకు సాయపడే బ్రిటన్ రహస్య విభాగం ఎంఐ9 బ్లేడ్లకి అయస్కాంత శక్తి ఎక్కించి పంపింది. దారంతో వేలాడదీస్తే ఉత్తరం చూపుతుంది. జర్మన్ సేనల వెనక్కి దొంగతనంగా వెళ్లే అమెరికా గూఢచారుల కోసం జిలెట్ అచ్చం జర్మన్ బ్లేడ్లలాంటివే తయారుచేసింది. పరాయి దేశపు బ్లేడు సంచిలో దొరికితే మనిషి గుట్టు బయటపడుతుందని. పిడి లోపల పటాలు దాచే రేజర్లు కూడా చేసింది.

సేకరణ మొదలుపెట్టేవాళ్లకి

• నీళ్లకంటే ముందు నోటుపుస్తకం. రేజరు, సంచి, పెట్టె చేతికి రాగానే ఉన్నదున్నట్టు ఫొటోలు తీయండి. గీతలు, అంకెలు, ముద్రలు, సిరా మరకలు అన్నీ రాసుకోండి. ఎవరి దగ్గర కొన్నారో, వాళ్లు ఏం చెప్పారో కూడా.

• లోహ భాగాలకి గోరువెచ్చని నీళ్లు, కాస్త గిన్నెల సబ్బు, మెత్తటి పళ్ల బ్రష్షు చాలు. మరగబెట్టొద్దు. గరుకు పీచుతో తోమితే పూత పోతుంది. బంగారు పూత మీద పాలిష్ అసలు పెట్టొద్దు.

• గుడ్డ సంచి, తోలుపట్టీ, పెట్టె లోపలి మఖమల్ గుడ్డ తడపొద్దు. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి ఊరుకోండి.

• కొనేముందు పిడికి పగుళ్లున్నాయేమో, పలక పళ్లు వంగాయేమో, మర సాఫీగా తిరుగుతోందో చూడండి. మూత ఒక రేజరుది, పలక ఇంకోదానిది కావచ్చు. పూత రంగు, అరుగుదల మూడు ముక్కల్లో ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి.

• సైన్యపు ముద్ర ఉంటే ధర పెరుగుతుంది కాబట్టి తర్వాత కొట్టిన దొంగ ముద్రలు కూడా ఉంటాయి. రేజరంతా అరిగి ముద్ర ఒక్కటే పదునుగా ఉంటే అనుమానించాలి.

• పాత బ్లేడ్లు మామూలు ఉక్కువి, తుప్పు పడతాయి. వాటితో గీసుకోవద్దు. కాగితం చుట్ట విప్పని బ్లేడుని అలాగే ఉంచండి. గీసుకోవాలనిపిస్తే రేజరుని శుభ్రం చేసి ఇప్పటి రెండంచుల బ్లేడు బిగించండి. నూరేళ్లనాటి ఓల్డ్ టైప్‌లోనూ అది చక్కగా పడుతుంది.

మన అటకల మీద

సేఫ్టీ రేజరు మనకి పరాయిది కాదు. తెలుగిళ్లలో బ్లేడంటే గడ్డానికి ఒక్కదానికే కాదు. పిల్లల పెన్సిళ్లు చెక్కింది, అమ్మ కుట్లు విప్పింది, అరిగాక కూడా గూట్లో దాచిపెట్టుకున్నాం. యుద్ధమూ మనకి పరాయిది కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అని పిలవడానికి కారణం, రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి బిడ్డలు బారులు తీరి వెళ్లడమే. అలాంటి ఊళ్లలో తాతల ట్రంకు పెట్టెలు ఇంకా అటకల మీద ఉన్నాయి. పతకాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాం. పెట్టె అడుగున తుప్పుపట్టిన రేజరు కనిపిస్తే పాత సామాన్లవాడికి వేసేస్తాం.

వేయకండి. పతకం ఒక రోజు ధైర్యానికి దక్కింది. రేజరు ఆ మనిషి ప్రతి ఉదయాన్నీ చూసింది. రాత్రి తోటివాణ్ని పోగొట్టుకుని కూడా పొద్దున్నే లేచి, చిన్న లోహపు పలకలో తన మొహం తను చూసుకుని, సబ్బు రాసుకున్నాడు. రేజరు పూత అరిగింది అతని బొటనవేలి కిందే. సీలు తీయని పెట్టెలో ఈ ఒక్కటీ దొరకదు. వాడిన రేజరుదే విలువ అని నేననేది అందుకే.

ఇప్పుడు ఏ వస్తువు వచ్చినా ముందు నోటుపుస్తకం తెరుస్తాను. కనిపించిన గీతల్లా రాసుకున్నాకే బ్రష్షు పట్టుకుంటాను. ఆ పుస్తకం పేజీలు చాలావరకు నిండాయి. మొదటి పేజీలో మాత్రం ఖాకీ సంచి అని రాసి, దాని కింద 7 వేసి, ముందూ వెనకా చోటు వదిలేశాను.